ఆర్డిస్ మిషను ఎటు లాగింది

మా వీధిలో ఎవరి బాగోగులైనా వాళ్ళ గడ్డి చెబుతుంది. ఫలానా ఇంటి ముందు గడ్డి చీలమండ దాటిందంటే ఆ ఇంట్లో జబ్బో, చావో, విడాకులో జరిగి ఉండాలి. అప్పుడు వెళ్ళి తలుపు తడతాం. గడ్డి నున్నగా ఉన్నంతకాలం ఎవరి జోలికీ పోము. పనీపాటా లేకుండా తలుపు తట్టి మనుషుల్ని ఇబ్బంది పెట్టడమంటే మిన్నెసోటాలో, అందులోనూ మా నార్వే బాపతు వాళ్ళలో, చొక్కా లేకుండా చర్చికి వెళ్ళినంత పని. దీన్ని మేము మర్యాద అనుకుంటాం.

డెల్మార్ ట్వేట్ సంగతి చెప్పాలంటే ఇది ముందు తెలియాలి. అతను మా ఎదురింటివాడు. ధాన్యం గోదాములో పనిచేసి, అక్కడి యంత్రాల రొదకు చెవులు సగం పోగొట్టుకుని, పని మానేశాక తన కారు షెడ్డులో ఊరివాళ్ళ గడ్డి కోసే మిషన్లు బాగుచేస్తూ కూర్చున్నాడు. చేతులు ఊరుకోవు కాబట్టి చేసేవాడు. ఎవరేం తెచ్చి ఇచ్చినా, రూబార్బ్ కాడల తీపి రొట్టె అయినా, చెరువులో పట్టిన చేపలైనా, 'అయ్యో ఎందుకూ' అని మొహమాటపడుతూనే లోపల పెట్టుకునేవాడు.

అన్నిట్లోకీ తనంతట తాను నడిచే మిషనంటే అతనికి ప్రాణం. పిడి దగ్గర మీట నొక్కితే వెనక చక్రాలు వాటంతటవే తిరుగుతాయి, మనిషి వెంట నడిస్తే చాలు. అవి తిరగడం మానేస్తే జనం పరుగున వచ్చి, చక్రం పోయింది, కొత్తది వెయ్యి అనేవాళ్ళు. డెల్మార్ ఒప్పుకునేవాడు కాదు. ఇంజను పొరపాటున లేచి వేళ్ళు తినకుండా ముందు ప్లగ్గు తీగ పీకేవాడు. తర్వాత పిడి నుంచి కిందికి దిగే కేబులు సాగిందేమో చూసేవాడు. ఆ తర్వాత బెల్టు. బెల్టు మూత కింద పాత గడ్డి పిడకలా గట్టిపడి ఉంటే గోకి తీసేవాడు. అప్పుడుగాని చక్రం విప్పి, లోపలి పళ్ళు అరిగాయా, వాటిని తిప్పే చిన్న పళ్ళచక్రం అరిగిందా అని వేలితో తడిమేవాడు కాదు. రోగం ఎక్కడున్నా ఈ వరస తప్పడు. 'నాకు మోకాలు నొప్పంటే మెడ నుంచి చూసుకుంటూ వస్తాడు' అని అతని భార్య మార్లిస్ చర్చిలో కాఫీ దగ్గర చెప్పి అందర్నీ నవ్వించేది.

అతనికి ఇంకో గర్వం ఉంది, గడ్డిలో చారలు. మిషను ఒకసారి పోతూ, ఒకసారి వస్తూ కోస్తే గడ్డి అటూ ఇటూ వాలి ముదురు చార, లేత చార పడతాయి. డెల్మార్ చారలు దారం పట్టి గీసినట్టుండేవి. మా ఆయన గీసిన చారలు చూసి మాత్రం, తాగి కోశాడా అని నన్ను అడిగేవాడు. అది నిజం కాదు. మా ఆయన తాగకుండానే అలా కోస్తాడు.

డెల్మార్ పక్కింట్లో ఆర్డిస్ హోవ్‌లాండ్ ఉండేది. ఎనభై దాటినా తన గడ్డి తానే కోసుకునే మొండి మనిషి. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు, చెల్లెలు మాత్రం ఫార్గోలో ఉంది. మే నెలలో, లైలాక్ పూలు విచ్చుకునే రోజుల్లో, ఆవిడ తన మిషనును తోసుకుంటూ డెల్మార్ షెడ్డుకు వచ్చింది. ఇది నడవడం మానేసింది, మొండి దూడను తోలినట్టు తోలాల్సి వస్తోందని చెప్పింది. డెల్మార్ తన వరసలో చూశాడు. కేబులు కొద్దిగా సాగింది, బిగించాడు. బెల్టు బాగానే ఉంది. వెనక చక్రాలు రెండింట్లోనూ లోపలి పళ్ళు నున్నగా అరిగిపోయాయి. కొత్త చక్రాలు తెప్పించి వేశాడు. షెడ్డు ముందు నడిపి చూస్తే మిషను చెప్పినమాట వినే గుర్రంలా తిన్నగా పోయింది.

ఇక్కడ ఒక సంగతి దాచి కథ నడపడం నాకు చేతకాదు, చెప్పేస్తున్నాను. డెల్మార్ ఆ చక్రాలు బిగిస్తున్న రోజునే ఆర్డిస్ తన ఇంటి నేలమాళిగలోకి దిగింది. కిందటేడు సీసాల్లో పెట్టుకున్న పీచ్ పళ్ళ కోసం దిగింది. చివరి మెట్టు మీద కాలు జారింది, తుంటి ఎముక విరిగింది. ఫోను పైన వంటింట్లో ఉంది. ఆవిడ సిమెంటు నేల మీద కదలలేక పడి ఉంది, బతికి ఉంది. ఆ తర్వాత మా వీధిలో జరిగిందంతా ఆవిడ నెత్తి మీద జరిగింది.

మర్నాడు డెల్మార్ మిషనును తిరిగి ఇద్దామని వెళ్ళాడు. వెనక తలుపును రెండు వేళ్ళతో తట్టాడు. జవాబు లేదు. మళ్ళీ తట్టలేదు. ఫార్గో వెళ్ళి ఉంటుందనుకున్నాడు. ఆ మాట మార్లిస్‌తో అన్నాడు, ఆమె నాతో అంది, సాయంత్రానికి ఆర్డిస్ ఫార్గో వెళ్ళిందన్నది వీధంతా ఎరిగిన సంగతైంది. గడ్డేమో అప్పుడే పెరుగుతోంది. ఊళ్ళో లేని మనిషి గడ్డి పక్కింటివాళ్ళు చెప్పకుండా కోసిపెట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఎవరు కోశారో కూడా అడగకూడదు. డెల్మార్ చెవులకు రొద ఆపే డిప్పలు పెట్టుకుని, ఆవిడ మిషనుతోనే ఆవిడ గడ్డి కోయడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఏదో అయిందని మాకు చెప్పగలిగింది ఆ గడ్డి ఒక్కటే. దాన్ని అతను ప్రేమగా కోసేశాడు.

ఇంటి ముందు భాగం చక్కగా వచ్చింది. రెండిళ్ళ మధ్య పక్క భాగానికి వచ్చేసరికి మిషను ఎడమకు లాగింది. ఎడమన ఆర్డిస్ ఇంటి గోడ. గోడ అడుగున నేలమాళిగ కిటికీ, దాని చుట్టూ నేలలో దించిన రేకు తొట్టి, తొట్టి మీద మసకబారిన ప్లాస్టిక్ మూత. డెల్మార్ పిడిని కుడికి తిప్పి మిషనును మళ్ళీ దారిలో పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు కూడా చార వంకర పోయింది. అది తన చేతి పొరపాటే అనుకున్నాడు.

చక్రాల సంగతి తెలిసినవాడికి ఇందులో వింత లేదు. ఎడమ చక్రం జారుతూ కుడి చక్రం ఒక్కటే తోస్తే మిషను ఎడమకు తిరుగుతుంది. డెల్మార్ మిషనును ఇంటికి తోసుకుపోయి మళ్ళీ విప్పాడు. ఎడమ పళ్ళు కొత్తవి, మెరుస్తున్నాయి. అప్పుడు తన మీదే అనుమానం వచ్చింది. ఇరుసుకు రెండు చివర్లా ఉండే చిన్న పళ్ళచక్రాలు చూడటానికి ఒకేలా ఉంటాయి, వాటి లోపలి కీ ముక్కలు మాత్రం ఎదురుబొదురు. ఎడమది కుడికి వేస్తే చక్రం ముందుకు నడవదు, వెనక్కి లాగితే బిగుసుకుంటుంది. జన్మలో అలాంటి తప్పు చేయలేదు, అయినా తీసి చూశాడు. ఎక్కడివి అక్కడే ఉన్నాయి. తన గడ్డి మీద నడిపి చూశాడు. తిన్నగా పోయింది.

నేను మేడ మీద పడగ్గదిలో దుప్పట్లు మారుస్తూ కిటికీలోంచి ఆర్డిస్ ఇంటి పక్క గడ్డి చూశాను. చారలన్నీ వీధి నుంచి పెరటికి సాగుతూ ఒక్కచోట గోడ వైపుకు వంగి, మళ్ళీ సర్దుకున్నాయి. పోయే చార, వచ్చే చార, అన్నీ అక్కడే వంగాయి. పిల్లల తలలో సుడి ఉంటే ఎంత దువ్వినా జుట్టు అటే పోతుంది చూడండి, అలా ఉంది. నాకు నవ్వొచ్చింది. డెల్మార్ కూడా మా ఆయన జట్టులో చేరాడని సంతోషించి మా ఆయన్ను పిలిచి చూపించాను.

మరుసటి రోజు డెల్మార్ ఆ వంకర చారలు దిద్దడానికి వెళ్ళాడు. గడ్డి ఎలా పెరిగినా సహిస్తాడుగాని తన చార వంకరైతే ఓర్చుకోడు. నేను మా మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ చూస్తున్నాను. పెరటి వైపు పోతున్నప్పుడు మిషను ఎడమకు, గోడ వైపుకు లాగింది. అతను ఆగాడు. మెల్లగా వెనక్కి తిప్పి వీధి వైపు వస్తూ చూశాడు. ఇప్పుడు గోడ అతని కుడి పక్కన ఉంది. మిషను కుడికి లాగింది.

అతను మిషనును ఆపకుండానే మళ్ళీ తిప్పి పెరటి దాకా తీసుకుపోయి అక్కడ ఆపాడు. అతని అలవాటే అంత, పని అయ్యాక ఆవిడ పనిముట్ల గది దగ్గరే ఆపుతాడు. తర్వాత వీధి దాటి నా దగ్గరికి వచ్చాడు. మొహంలో రక్తం లేదు. చక్రం పాడైతే ఎప్పుడూ ఒక్క పక్కకే లాగాలి, ఇది రెండు పక్కలకూ లాగుతోంది, మిషను ఎటు తిరిగినా ఆ ఇంటి వైపుకే లాగుతోంది అన్నాడు. నేల అటు పల్లమేమో అన్నాను. నీటిమట్టం పెట్టి చూశాడట. వాన నీళ్ళు పునాదిలోకి దిగకుండా నేల గోడ నుంచి బయటికే వాలి ఉంది. జారితే డెల్మార్ ఇంటి వైపుకు జారాలిగాని గోడ వైపుకు జారకూడదు.

"నీ చేతులు ముసలివైపోయాయి డెల్మార్," అన్నాను.

"అయితే నువ్వు పట్టుకుని చూడు," అన్నాడు.

చూశాను. పట్టపగలు, ఎండ కాస్తోంది, పసుపు పూలు పూసిన డాండిలయన్ మొక్కలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, వీధి చివర ఎవరో కారు కడుగుతున్నారు. ఆ కిటికీ దగ్గరికి రాగానే పిడి నా చేతుల్లో తిరిగింది. విసురుగా కాదు. విసురుగా అయితే అంత భయపడేదాన్ని కాదు. పెళ్ళి భోజనాల్లో ముసలమ్మలు, ఒక మాట చెప్పాలి ఇటు రా అని మోచేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్తారే, ఆ మెత్తదనంతో లాగింది. నేను కూడా పిడిని గట్టిగా తిప్పి, ఇంకాస్త ముందుకు పోయి, అక్కడ ఆపి, ఇంక నాకు వద్దని చెప్పేశాను. అతను తన సొంత మిషను తెచ్చి అదే చోట నడిపాడు. అది తిన్నగా పోయింది.

ఇంత జరిగినా ఆ తలుపు తట్టాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. ఎందుకొస్తుంది? గడ్డి నున్నగా ఉంది.

మార్లిస్ తర్వాత చెప్పింది, ఆ రాత్రి డెల్మార్ సరిగా నిద్రపోలేదని, తెల్లారి మిషనును మళ్ళీ బల్లెక్కించాడని. ప్లగ్గు తీగ, కేబులు, బెల్టు, చక్రాలు. చక్రాలు రెండూ విప్పి, గ్రీజు తుడిచి, పళ్ళు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టినట్టు తడిమాడు. మధ్యాహ్నం బంగాళాదుంపల హాట్‌డిష్ పళ్ళెంలో చల్లారిపోతుంటే, ఇరుసు వంగిందేమో, చక్రాల్లో ఒకటి కాస్త పెద్దదేమో అని తనలో తాను గొణుక్కుంటున్నాడు. మార్లిస్‌కు విసుగొచ్చింది. ఆమె మామూలుగా అతనికి ఎదురు చెప్పదు, పక్కనుంచి పొడుస్తుంది. ఆ రోజు మాత్రం చెంచా కింద పెట్టింది.

"అది ఎందుకు లాగుతోందో చూడటానికి రెండుసార్లు విప్పావు. ఎక్కడికి లాగుతోందో ఒక్కసారైనా చూశావా?"

డెల్మార్ తినకుండానే లేచి, చక్రాలు బిగించి, మిషను తోసుకుంటూ వెళ్ళాడు. చేతులు తుడుచుకుంటూ మార్లిస్ కూడా వెనకాలే వెళ్ళింది. ఆమెను చూసి నేనూ వీధి దాటాను.

ఆ మిషను పిడికి ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని పిడికి ఆనించి పట్టుకున్నంతసేపే ఇంజను నడుస్తుంది, వదిలితే వెంటనే ఆగిపోతుంది. అందుకని మిషనును దాని మానాన వదిలేయడం కుదరదు, పట్టుకునే వదలాలి. డెల్మార్ అలాగే చేశాడు. కడ్డీని పిడికి నొక్కి ఉంచి, తిప్పే బలం చేతుల్లోంచి తీసేశాడు. భుజాలు కిందికి జారాయి. కోడలి వెంట సంతకు పోయే మామగారిలా దాని వెనక నడిచాడు.

మిషను పక్క గడ్డిలో సగం దాకా తిన్నగా పోయింది. అక్కడ ఎడమకు తిరిగింది. తొందరపడలేదు. గోడ వైపు సాగి, కిటికీ చుట్టూ ఉన్న రేకు అంచుకు ముందు చక్రాలు తగిలి ఆగింది. వెనక చక్రాలు మాత్రం ఆగలేదు. కొత్త పళ్ళు కదా, గడ్డి పీకి మట్టి ఎగజిమ్ముతూ అక్కడే తిరుగుతున్నాయి. మిషను ముక్కుతో రేకును పొడుస్తోంది. మార్లిస్ నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది, నాది ఎలా ఉందో నాకు తెలియదు.

డెల్మార్ కడ్డీ వదిలాడు. ఇంజను ఆగిపోయింది. అన్ని రోజుల్లోనూ ఆ మిషను ఆ కిటికీ దగ్గర ఆగడం అదే మొదటిసారి.

నిశ్శబ్దంలో మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత మట్టిలోంచి వచ్చినట్టు ఒక చప్పుడు వచ్చింది. గాజు ఇనుము మీద తగిలే చప్పుడు. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి. దానికి బలం లేదు. మార్లిస్, నేను విన్నాం. డెల్మార్ మా మొహాలు చూసి చెవుల మీది డిప్పలు తీశాడు. అతని సగం చెవులకు అది వినపడిందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. అయినా అతను అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని ఆ ప్లాస్టిక్ మూతను పీకుతున్నాడు.

మార్లిస్ వెనక తలుపు వైపు పరుగెత్తింది. గడ్డపార తేవాలా అని నేను అరిచాను. అక్కర్లేకపోయింది. తలుపు తాళం వేసి లేదు. మా వీధిలో ఎవరం వేసుకోము. ఆ వారమంతా ఆ తలుపు తోస్తే తెరుచుకునేదే.

ఆర్డిస్ మెట్ల కింద, నీళ్ళ గొట్టం పక్కన పడి ఉంది. అడుగు అరలో చేతికందిన పీచ్ సీసాలు తెరుచుకుని ఆ తియ్యటి నీళ్ళు తాగి బతికింది. పెదాలు పగిలి ఉన్నాయి. చేతిలో ఖాళీ సీసా ఉంది. మమ్మల్ని చూసి ఆవిడ అన్న మొదటి మాట, ఇల్లు ఊడ్చలేదు, ఏమీ అనుకోకండి అని. మార్లిస్ ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. సగం భయం, సగం కోపం, ఆ కోపం ఎవరి మీదో కూడా తెలియలేదు.

ఆసుపత్రిలో తుంటికి ఆపరేషన్ చేశారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే మూత్రపిండాలు నిలిచేవి కావని డాక్టరు చెప్పిందట. ఆవిడ కూర్చుని మాట్లాడే స్థితికి వచ్చాక డెల్మార్ చూడటానికి వెళ్ళాడు. మార్లిస్, నేను తోడు వెళ్ళాం. అతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చెప్పుల మీద గడ్డి మరక మాత్రం వదల్లేదు. మంచం పక్కన నిలబడి, ఆర్డిస్, నేను నీ నెత్తి మీదనే తిరిగాను, తెలుసుకోలేకపోయాను అన్నాడు.

ఆర్డిస్ అతన్ని కూర్చోమంది. ఇంజను చప్పుడు విన్నప్పుడల్లా గొట్టం మీద సీసాతో కొట్టానని, వేరే వేళల్లో కొట్టినా వినేవాళ్ళు ఎవరుంటారని కొట్టలేదని, ఉన్న కాస్త బలం అప్పటికని దాచుకున్నానని చెప్పింది. ఆ రొదలో తన సీసా చప్పుడు తనకే వినిపించేది కాదట.

"అప్పుడనిపించింది, నిన్ను పిలిచి లాభం లేదని. నీకు చెవుడు, పైగా ఆ డిప్పలొకటి. అందుకని దాన్ని పిలిచాను."

"దేన్ని?" అన్నాడు డెల్మార్. అతనికి తెలుసు. అతని మొహం చూస్తే నాకు తెలిసింది.

"నా మిషనుని. ఇటు రా, ఇటు రా అన్నాను. వచ్చేది. చక్రాల చప్పుడు సరిగ్గా కిటికీ దాకా వచ్చేది."

ఆవిడ నీళ్ళ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి మళ్ళీ పక్కన పెట్టింది. గొంతులో నిష్ఠూరం లేదు. వంటల సంగతి చెప్పినట్టే చెప్పింది.

"వచ్చిన ప్రతిసారీ నువ్వు దాన్ని వెనక్కి లాక్కుపోయేవాడివి."

డెల్మార్ మంచం అంచు పట్టుకుని తల వంచుకున్నాడు. అతని భుజాలు కదులుతుంటే మార్లిస్ వెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది. నేను కిటికీలోంచి కింద కార్లు నిలిపే చోటు చూస్తూ నిలబడ్డాను. దాన్ని వెనక్కి లాగిన చేతుల్లో నావి కూడా ఉన్నాయని ఆర్డిస్‌కు తెలియదు.